మన చేతి పనికి ధర కట్టుకోవడం నేర్చుకున్నాము

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో తనకల్లు మండలం సంఘం లీడర్ మాట్లాడిన మాటలు)



పోయిన నెల సీసీ మేడం మా ఊరికి వచ్చి, "ఈసారి సమావేశంలో మీ విజయగాథ చెప్పండి" అన్నారు. ఆ రాత్రి మేమంతా కూచొని మాట్లాడుకున్నాము. విజయగాథ అంటే ముందు కష్టం, తరువాత లోను, ఆ తరువాత లాభం, చివరికి ఫోటో. మా లెక్కల పుస్తకం తీసి చూస్తే మా కథ అంత నేరుగా లేదు. లాభం ఉంది, నష్టం ఉంది, పోట్లాట కూడా ఉంది. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పాలని తీర్మానం రాసుకొని వచ్చినాము. మాలో ఒకరు మాట్లాడుతున్నా మాట మాత్రం అందరిదీ.

మేము ఎందుకు మొదలు పెట్టినాము

మన తనకల్లు మండలం గురించి ఈ హాలులో ఎవరికీ చెప్పనక్కర లేదు. 2022 ఏప్రిల్‌లో మనం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినాము. జిల్లా పేరు మారింది గానీ మేఘం మారలేదు. వాన వస్తే శెనక్కాయ, రాకుంటే బెంగళూరు. మన పెద్దలు చేసింది అదే, మేము చేసిందీ అదే. మా సంఘంలో పది మందిమి ఉంటే ఏడుగురం ఏదో ఒక సంవత్సరం బెంగళూరులో సిమెంటు తట్టలు మోసినవాళ్లమే. పిల్లలను అవ్వ దగ్గర వదిలిపెట్టి పోయేది, పండగకు వచ్చేది. పిల్లలు మమ్మల్ని చూసి అవ్వ వెనక దాక్కునేవాళ్లు.

2020లో కరోనా వచ్చి అందరం ఊరికి తిరిగి వచ్చినాము. ఉపాధి పనికి పోయినాము. రాత్రిపూట సంఘం మీటింగులో ఒకటే మాట: "ఇంగ మళ్లీ పోవాల్నా? ఇక్కడే ఏమన్నా చేసుకోలేమా?" ఇప్పుడు టీవీలో స్టార్టప్, స్టార్టప్ అంటున్నారు. మన ఊళ్లో ఆ మాట ఎవరికీ తెలీదు. "ఆడోళ్లు ఏందో కొత్తగా పెట్టినారంట" అంటారు. అదే మన స్టార్టప్.

పది మందిలో ఆరుగురం సరే అన్నాము. నలుగురు వద్దన్నారు. వద్దన్నవాళ్లను మేము ఆ రోజు పిరికివాళ్లు అనుకున్నాము. అది తప్పు. ఒకామెకు గొర్రెలున్నాయి, వాటితో ఆమె బతుకు బాగానే జరుగుతోంది. ఇంకొకామెకు కొడుకు చదువు అప్పు నెత్తిన ఉంది. మిగిలిన ఇద్దరికీ ఇంట్లో మంచం పట్టినవాళ్లున్నారు. ఎవరి పరిస్థితికి తగిన పని వాళ్లు ఎంచుకున్నారు. వ్యాపారం పెట్టినామె ధైర్యవంతురాలు, కూలికి పోయేది చేతకానిది అనే మాట మన సంఘాల్లో ఎవరూ అనకూడదని మా మనవి.

ఏమి చేయాలి అనేది పెద్ద చర్చ. శిక్షణలో ఫినాయిల్, కొవ్వొత్తులు, అగరబత్తీలు నేర్పించినారు. నేర్చుకున్నాము. కానీ మా ఊళ్లో ఫినాయిల్ కొనేది ఎవరు? అప్పుడు మా పెద్దమ్మ ఒకామె, సంఘంలో అందరికంటే పెద్దది, వేలిముద్ర వేసే మనిషి, ఒక మాట అనింది: "మీ చేతికి ఏం తెలుసో అది చేయండే. శెనక్కాయ ఉండ చేసేదానికి మీకు ఎవరు శిక్షణ ఇయ్యాల?" ఆ మాట మీదనే నిలబడినాము. శెనక్కాయ ఉండలు, నిప్పట్లు, శెనగ్గింజల పొడి. ఈ మూడే. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6 రకం మా చేలల్లోనే పండుతుంది. సరుకు ఇంటి ముందరే ఉంది.

ఒక్కొక్కరం మా వంతు లింకేజీ లోనులో 25,000 రూపాయలు వేసినాము. ఆరుగురివీ కలిపి 1,50,000. గ్యాస్ పొయ్యి, పెద్ద బాండలి, మిక్సీ, కాటా, కవర్లు అతికించే మిషను కొన్నాము. 2021లో సంక్రాంతి అయినాక మొదటి పాకం పట్టినాము.

మొదటి తప్పు: మా కూలి మేము రాసుకోలేదు

ఉండలు కిలో 160 రూపాయలకు అమ్మినాము. కదిరిలో, కొక్కంటి క్రాస్‌లో, ములకలచెరువులో అంగళ్లకు వేసినాము. సరుకు బాగుందన్నారు, చకచకా అమ్ముడుపోయింది. ఐదు నెలలు పోయినాక చూస్తే డబ్బుల పెట్టెలో ఏమీ లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. ఎవరు తీసినారు అనే అనుమానం కూడా మనసులోకి వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

అప్పుడు మా ఊరి వీఓఏ చెల్లెలు కాగితం, పెన్ను తీసుకొని కూచుంది. కిలో ఉండలకు శెనగ్గింజలు 600 గ్రాములు, 78 రూపాయలు. బెల్లం 27 రూపాయలు. మొత్తం 105. "105 పెట్టి 160కి అమ్ముతున్నాము, 55 లాభం" అని మేము గట్టిగా చెప్పినాము. ఆమె అడిగింది, "గ్యాసు ఎంత అక్కా?" 8 రూపాయలు. "కవరు, లేబులు?" 10. "ఆటో, బస్సు?" 7. "కరెంటు, బాడుగ?" 5. "విరిగిపోయినవి, అంగడోళ్లు తిప్పి పంపినవి?" 10. ఇవే 40 అయినాయి. తరువాత ఆమె, "మీ కూలి?" అని అడిగింది.

మేము నవ్వినాము. మా కూలి ఏముంది, మా పనే కదా అన్నాము. ఆమె నవ్వలేదు. "బయట పనికి పోతే 300 ఇస్తారు కదా. రోజుకు ఇద్దరు కూచుంటే ఎన్ని కిలోలు అవుతాయి?" 12 కిలోలు. ఇద్దరి కూలి 600. అంటే కిలోకు 50. ఇప్పుడు కూడండి. 105, 40, 50. మొత్తం 195. మేము 160కి అమ్ముతున్నాము. కిలోకు 35 రూపాయలు మా ఒంట్లోంచి తీసి అంగడివాళ్లకు ఇస్తున్నాము. ఎంత ఎక్కువ అమ్మితే అంత ఎక్కువ పోతోంది.

అక్కలారా, ఈ లెక్క మీ ఇంటికి పోయి వేసుకోండి. పాలు పిండేది, కట్టెలు తెచ్చేది, వంట చేసేది, పిల్లోళ్లను చూసేది, ఏదీ మనం లెక్కలో రాయము. పుట్టినప్పటి నుంచి మనకు అదే అలవాటు. వ్యాపారంలోకి కూడా ఆ అలవాటునే తీసుకొచ్చినాము. మరుసటి వారమే ధర 220 చేసినాము. రెండు అంగళ్లు మానేసినాయి. మిగిలినవి నిలబడినాయి.

రెండో తప్పు: తడి శెనక్కాయ

2021 నవంబరులో మన సీమలో కుండపోతగా కురిసిన వానలు మీకు జ్ఞాపకం ఉంటాయి. వాన లేదని ఏడ్చే చోట వానకే ఏడ్చినాము. కోసిన శెనక్కాయ కట్టెలు చేనులోనే నానిపోయినాయి. అప్పుడు కాయ తక్కువ ధరకు వచ్చింది. ఆశపడి పది మూటలు కొన్నాము. నేల మీద, గోడకు ఆనించి పెట్టినాము. నెల తిరిగేసరికి లోపల బూజు, ముక్కిన వాసన.

వేయిస్తే పోతుందిలే అని మాలో ఇద్దరు అన్నారు. వ్యవసాయ శాఖ నుంచి వచ్చిన మేడం వద్దన్నారు. బూజు పట్టిన శెనక్కాయలో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది, అది లివరును దెబ్బ తీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు అని చెప్పినారు. మూడు మూటల గింజలు ఏరి ఏరి పారబోసినాము. డబ్బులు పోసి కొన్న గింజలు దిబ్బలో పోస్తుంటే కడుపు మండింది. అయినా మన ఉండలు తినేది మన పిల్లలే కదా.

అప్పటి నుంచి కొన్ని నియమాలు పెట్టుకున్నాము. కాయ ఊపితే లోపల గింజ గలగలమనాలి. గింజ కొరికితే పటుక్కుమనాలి. మెత్తగా నలిగితే ఆ మూట కొనము. మూటలు చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పెడతాము. ముడతలు పడినవి, రంగు మారినవి, పగిలినవి చేత్తో ఏరి తీసేస్తాము. వానాకాలంలో బెల్లం చెమ్మ పీల్చుకొని ఉండలు బంకబంకగా అవుతాయి. అందుకని పాకం నీళ్లలో వేస్తే గట్టిపడి, పళ్లేనికి కొడితే టంగుమనే దాకా కాచి, ఉండ చల్లారిన వెంటనే కవరు అతికిస్తాము. ప్రతి కవరు మీద చేసిన తేదీ, ఎన్ని రోజుల్లోపు తినాలో రాస్తాము. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కూడా తీసుకున్నాము. సంవత్సరానికి 12 లక్షలలోపు అమ్మే చిన్నవాళ్లకు మేము తీసుకున్నప్పుడు ఏడాదికి 100 రూపాయలే. ఆ నంబరు కవరు మీద ఉంటే అంగడివాళ్లు మాట్లాడే తీరే మారిపోయింది.

మూడో తప్పు: అరువు

ఇది చెప్పేదానికి మాకు నోరు రావడం లేదు. కానీ ఇది చెప్పాలనే ముఖ్యంగా వచ్చినాము.

2022లో మాలో ఒక చెల్లెలికి తెలిసిన మనిషి ఒకరు, బెంగళూరులో అంగడి ఉన్నాయన, మా సరుకు అడిగినాడు. మొదట 40 కిలోలు పంపినాము. డబ్బు మొత్తం ఇచ్చినాడు. రెండోసారి 60 కిలోలు. సగం ఇచ్చినాడు, సగం తరువాత అన్నాడు. దసరాకు 120 కిలోలు కావాలన్నాడు. పాత బాకీ కట్టినాకే పంపాలని మాకు తెలుసు. కానీ పండగ ఆర్డరు, పెద్ద ఊరు, మన సరుకు బెంగళూరులో అమ్ముతారు అనే సంతోషం. పది రోజులు రాత్రింబవళ్లు చేసి పంపినాము. తరువాత ఫోను ఎత్తలేదు.

30 కిలోల పాత బాకీ 6,600. 120 కిలోలది 26,400. మొత్తం 33,000 రూపాయలు. మాలో ఇద్దరు ఛార్జీలు పెట్టుకొని మూడుసార్లు బెంగళూరు పోయి, ఆ అంగడి ముందు కూచొని 9,000 తెచ్చినారు. మిగతా 24,000 పోయింది. ఆ నెల లోను కంతు కట్టేదానికి డబ్బులు లేవు. మా రెండో లీడర్ అక్క చెవుల కమ్మలు కుదువ పెట్టి కంతు కట్టింది. కంతు తప్పితే పది మంది పేరూ పోతుంది, మాతో పాటు వ్యాపారంలో లేని నలుగురి పేరు కూడా పోతుంది. అదీ భయం.

ఆ నెల మీటింగులో మేము ఏం చేసినామంటే, ఆ అంగడి ఆయనను చూపించిన చెల్లెలి మీద పడినాము. "నీ మనిషే కదా" అన్నాము. నష్టం ఆరుగురం సమంగా పంచుకుంటే తలకు 4,000. మేము ఆమె మీద 8,000 వేసినాము, మిగతా ఐదుగురం 3,200 చొప్పున వేసుకున్నాము. మినిట్స్‌లో రాసినాము. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. సంతకం పెట్టింది. 8,000 కట్టింది. మరుసటి నెల నుంచి పనికి రాలేదు.

పని మానాలా, నడపాలా

ఆ తరువాత ఆరు నెలలు మూసేద్దామనే మాటే. 2023లో మాలో ఒకామెకు హిందూపురం వైపు బట్టల ఫ్యాక్టరీలో పని వచ్చింది. నెలకు 12,000. పదో తరగతి పాసైనందుకు లైను చూసుకునే పని ఇస్తామన్నారు. ఆమె ఎవరో చెప్పనక్కర లేదు, ఇప్పుడు మైకు పట్టుకొని నిలబడిన మనిషే.

ఆ రోజు కూడా కాగితం పెన్ను తీసినాము. అక్కడ 12,000. అందులో గది బాడుగ, తిండి, నెలకు రెండుసార్లు ఊరికి ఛార్జీలు పోతే 7,000 మిగులుతుంది. పీఎఫ్, ఈఎస్ఐ ఉంటాయి. ప్రతి నెలా తారీకుకు జీతం వస్తుంది. ఇక్కడ మంచి నెలలో తలకు 6,000 వస్తుంది. చెడ్డ నెలలో 2,500. పీఎఫ్ లేదు. పొయ్యి సెగకు కళ్లు మండుతాయి, నడుము పట్టుకుంటుంది. కాబట్టి డబ్బు ఒక్కటే చూస్తే ఫ్యాక్టరీనే మేలు. వ్యాపారం పెడితే వెంటనే ఎక్కువ డబ్బు వస్తుందని ఎవరైనా మీకు చెప్తే నమ్మొద్దు.

మరి ఎందుకు పోలేదు? ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే ఆడపిల్ల ఉంది, అది ఒక కారణం. ఇంకొకటి ఉంది. కూలికి పోయినప్పుడు సాయంత్రం మేస్త్రీ డబ్బు ఇచ్చి "రేపు రా" అంటే రేపు ఉంది, లేకుంటే లేదు. ఇక్కడ బెల్లం ధర పెరిగితే ఏం చేయాలో మేమే ఆలోచించాలి. తప్పు చేస్తే మేమే పడాలి. ఆ ఆలోచించే పనిలో ఒక రుచి ఉంది. ఒకసారి తగిలితే విడవదు. మాలో నోరెత్తని ఒక వదిన ఉండేది. ఇప్పుడు ఆమె బ్యాంకులో మేనేజరు ఎదుట కూచొని, "మా ఓడీ ఎంత వరకు పెంచుతారు సార్?" అని అడుగుతుంది. ఆమె మొగుడు ఆమెను, "ఈరోజు యాడికి పోవాల? బండి మీద దింపనా?" అంటాడు. ముందు ఆమెనే ఆయనను అడిగేది, "యాడికన్నా పోయి రానా?" అని. తృప్తి అంటే ఏమని సీసీ మేడం అడిగితే మేము ఇదే చెప్పినాము.

మాలో అందరూ అట్లనే అనుకున్నారని కాదు. ఒకామె ఫ్యాక్టరీకి పోయింది. అక్కడ బాగుంది, పిల్లోణ్ని ఐటీఐలో చేర్పించింది. పండగకు వస్తే మా దగ్గర ఐదు కిలోలు కొని తీసుకుపోయి ఫ్యాక్టరీలో అమ్మి పెడుతుంది. ఆమె ఎంపిక ఆమెకు సరైనది. మాది మాకు.

మేము మనసు పోగొట్టుకున్నప్పుడు సీసీ మేడం రెండు సంగతులు చెప్పినారు. 1959లో బొంబాయి గిర్గాంలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తీసుకొని మిద్దె మీద అప్పడాలు చేయడం మొదలు పెట్టినారు. అదే లిజ్జత్ అప్పడం. దానం వద్దు, అప్పు అయితే తీసుకుంటాము, లాభమైనా నష్టమైనా అందరం పంచుకుంటాము అని నియమం పెట్టుకున్నారు. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతిబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ఇచ్చినారు. రెండోది మన దగ్గరిదే. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బీడు పడిన భూమిలో టింబక్టు కలెక్టివ్ మొదలైంది. 2008లో అక్కడి రైతులు ధరణి అనే సహకార సంఘం పెట్టుకొని, పండించిన శెనక్కాయలు, కొర్రలు, సామలు తామే శుభ్రం చేసి తామే అమ్ముకుంటున్నారు. వాన వాళ్లకూ మనకూ ఒకటే. వాళ్ల శెనక్కాయ వేరే నేలలో పండలేదు.

లిజ్జత్ కథ విన్న రోజు మాలో ఎవరమూ అప్పడాల గురించి మాట్లాడుకోలేదు. "నష్టమైనా అందరం పంచుకుంటాము" అనే మాట దగ్గరే ఆగిపోయినాము. మేము చేసింది అది కాదు కదా.

కొత్తగా పెట్టాలనుకునే సంఘాలకు

మన సంఘాలు ఊరికే పుట్టలేదు. 1982లో డ్వాక్రా వచ్చింది. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపింది. వెలుగు వచ్చింది, ఐకేపీ వచ్చింది, స్త్రీనిధి వచ్చింది. 2010లో మైక్రోఫైనాన్స్ అప్పులతో మన అక్కచెల్లెళ్లు పడిన బాధలు పెద్దవాళ్లకు గుర్తే. అప్పు దొరకడం వేరు, అప్పు తీర్చే పని దొరకడం వేరు. అందుకని కొన్ని మాటలు చెప్తాము.

మొదటి మాట, మీ ఊరి సంతలో ఎవరు కొంటారో చూసుకొని పని ఎంచుకోండి. శిక్షణ ఇచ్చినారని ఎంచుకోవద్దు. ముందు పది కిలోలు చేసి, చుట్టాలకు కాకుండా తెలియనివాళ్లకు అమ్మి చూడండి. చుట్టాలు ఎప్పుడూ బాగుందనే అంటారు.

రెండో మాట, లెక్కలో మొదట మీ కూలి రాయండి. తరువాత సరుకు రాయండి.

మూడో మాట, ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు ఒకే కొంగున ముడి వేయొద్దు. మేము రెండు డబ్బాలు పెట్టుకున్నాము. ఇంట్లో జ్వరం వచ్చినా వ్యాపారం డబ్బా ముట్టుకోము. సంఘంలో అంతర్గత అప్పు తీసుకుంటాము. దానికే కదా పొదుపు.

నాలుగో మాట, అరువు. ఇప్పుడు మా నియమం ఒకటే: పాత బాకీ తీరనిదే కొత్త సరుకు లేదు, కొత్త అంగడికి 10 కిలోలకు మించి అరువు లేదు. దేవుడే వచ్చి అడిగినా అంతే. కదిరి నరసింహస్వామి తేరు నాడు మేము అంగడి పెడితే అక్కడ కూడా ఇదే నియమం.

ఐదో మాట, పథకాలు తెలుసుకోండి. ఆహార పదార్థాలు చేసే సంఘాలకు 2020లో వచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో సభ్యురాలికి 40,000 రూపాయల దాకా మూలధనం సమాఖ్య ద్వారా ఇచ్చే వీలు పెట్టినారు. మిషన్లకు 35 శాతం రాయితీ, 10 లక్షల వరకు పెట్టినారు. కానీ రాయితీ కోసం మిషను కొనొద్దు. పని నిలబడినాక, చేయి చాలనప్పుడు కొనండి. మా ఊరి పక్కన ఒకచోట రాయితీ మీద కొన్న మిషను మీద ఇప్పుడు కోళ్లు పడుకుంటున్నాయి.

సమాఖ్యకు మా విన్నపం ఒకటే. శెనక్కాయలో తేమ కొలిచే మిషను ఒకటి సమాఖ్య ఆఫీసులో పెట్టండి. సరుకు కొనే ముందు అన్ని సంఘాలు గుప్పెడు కాయలు తెచ్చి చూసుకుంటాయి. మేము పారబోసిన మూడు మూటలు ఇంకెవరూ పారబోయకూడదు.

చివరి మాట

మా దగ్గర నుంచి పోయిన చెల్లెలు ఈ హాలులోనే ఉంది. వేరే సంఘం వాళ్లతో కలిసి వెనక వరసలో కూచుంది. పేరు చెప్పము, ఆమెకు ఇష్టం ఉండదు.

చెల్లెలా, బెంగళూరు ఆయనను నువ్వు చూపించినావు, నిజమే. కానీ పాత బాకీ ఉండగా 120 కిలోలు పంపుదామని తీర్మానం రాసినది ఆరుగురం. ఆ పేజీ తీసి చూస్తే ఐదు సంతకాలు, ఒక వేలిముద్ర ఉన్నాయి. నష్టం ఆరుగురిది. నీ మీద రెండింతలు వేయడం అన్యాయం. మనందరి చేతి పనికి ధర కట్టుకోవడం నేర్చుకున్నాము గానీ, ఆ రోజు నీ మర్యాదకు ధర లేకుండా చేసినాము.

పోయిన మీటింగులో తీర్మానం చేసినాము. ఐదుగురం తలా 800 వేసి 4,000 రూపాయలు తెచ్చినాము. ఫ్యాక్టరీలో ఉన్నామె తన 800 ఫోనులో పంపింది. సమాఖ్య అధ్యక్షురాలి ఎదుట ఆ డబ్బు నీకు ఇస్తాము. తీసుకుంటే సంతోషం. పనికి తిరిగి రమ్మని బలవంతం లేదు. నువ్వు ఇప్పుడు టైలరింగ్ బాగా నడుపుకుంటున్నావని విన్నాము. వస్తానంటే నీ పీట అట్లనే ఉంది, దాని మీద ఎవరమూ కూచోలేదు.

అక్కలారా, లాభం వచ్చిన సంఘాలు అన్నీ ఈ పుస్తకంలో రాస్తారు. నష్టం వచ్చినప్పుడు ఎట్ల పంచుకున్నారో కూడా రాయమని సమాఖ్యను కోరుతున్నాము. సంఘం అంటే ఏందో ఆ పేజీలోనే తెలుస్తుంది.

 బయట చెట్టు కింద మా ఉండలు పెట్టినాము. కిలో 240. బెల్లం ధర పెరిగింది. అరువు లేదు.